పెద్దలకు పెద్దపీటయే కాదు, పని కూడ

అధ్యయన పాఠము

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 17:27–29, 2 సమూయేలు 19:31–39, రూతు 4:13–17, తీతు 2:1–5



ఈ పాఠము మన సంఘములలో 60 ఏండ్లు దాటినవారిని గూర్చినది. అయితే వారు మాత్రమే చదువుటకు వ్రాసినది కాదు. వారి కుమారులు, కోడండ్రు, కుమార్తెలు, అల్లుండ్రు, సంఘ పెద్దలు, యౌవనస్థులు అందరును కలిసి కూర్చుండి చదువవలెనని మా కోరిక. ఒక్క కూడికలో ముగించవలెనని తొందరపడవద్దు. రెండు మూడు వారములు తీసికొనినను మంచిదే.

1. పని కొరకు పుట్టిన పేట

చింతాద్రిపేటలో కాపురమున్న మనలో చాలామందికి ఈ పేట ఎట్లు పుట్టినదో తెలియదు. 1734లో, జార్జి మోర్టన్ పిట్ దొర మద్రాసు గవర్నరుగా ఉన్న కాలమున, కూవము నది వంపులో సుంకు రామ శెట్టి అను వర్తకుని తోట ఉండిన స్థలములో ఈ పేట ఏర్పడినది. కుంపిణీకి కావలసిన బట్టలు నేయువారిని, నూలు వడుకువారిని తెచ్చి ఇక్కడ నిలిపిరి. తమిళములో తరి అనగా మగ్గము. చిన్న తరి పేట అనునదే వాడుకలో చింతాద్రిపేట అయినదని చెప్పుదురు.

అనగా ఈ పేట పనిచేయు చేతుల కొరకు పుట్టినది. మన పితరులు మద్రాసుకు వచ్చినదియు పని కొరకే. నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల నుండి వచ్చినవారు రేవులోను, రైల్వేలోను, కార్పొరేషనులోను, అచ్చు కూటములలోను, ఇతరుల ఇండ్లలోను కష్టపడిరి. ఈ పట్టణములో తెలుగు బాప్తిస్టుల కథయు పాతదే. 1836లో ఈ దేశమునకు వచ్చిన శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరికి వెళ్లకముందు కొన్ని ఏండ్లు మద్రాసులోని తెలుగువారి మధ్యనే పనిచేసిరి.

పని కొరకు వచ్చినవానికి పని ఆగిన దినమున ఒక ప్రశ్న ఎదురగును: ఇక ఇక్కడ నేను ఎవరిని? స్వగ్రామములోనైతే ముసలివానికి ఒక అరుగు ఉండును, రచ్చబండ ఉండును, చేనిగట్టున కూర్చుండి కాకులను తోలు పనియైనను ఉండును. దారిన పోవువారు పలుకరింతురు. పట్టణములో పదడుగుల గదియు, దానిలో ఒక మంచమును, ఒక టీవీయును మిగులును.

దీనికి తోడు పిల్లలు ఆవడికో, తాంబరమునకో, పాత మహాబలిపురము రోడ్డుకో, లేక హైదరాబాదుకో, గల్ఫు దేశములకో వెళ్లిపోయిరి. కూవము ఒడ్డున ఉండిన అనేక కుటుంబములు 2015 డిసెంబరు వరదల తరువాతి ఏండ్లలో 20 కిలోమీటర్లకు పైగా దూరమున్న పెరుంబాక్కము కాలనీకి తరలింపబడినవి. అక్కడ ఇల్లు పక్కాది కావచ్చును. కాని 40 ఏండ్లు పక్కింట నుండి ఉప్పు పప్పు బదులు తెచ్చుకొనిన పొరుగు అక్కడ లేదు. రూతు గ్రంథము చివర చూడుడి: వృద్ధురాలైన నయోమి సంతోషములో ఆమెతో కూడియున్నది పొరుగు స్త్రీలే. బిడ్డకు పేరు పెట్టినదియు వారే. పొరుగు పోవుట చిన్న నష్టము కాదు.

2. ఒంటరితనము కూడ ఒక వ్యాధి వంటిదే

ఒంటరిగా నివసించుట వేరు, ఒంటరితనము వేరు. ఒంటరిగా ఉండియు పదిమందితో కలిసి మెలిసి ఉండువారు కలరు. ఏడుగురున్న ఇంటిలో దినమంతయు ఒక మాటయైనను లేక గడుపు అవ్వలును కలరు.

దీనిని మనస్సుకు సంబంధించిన చిన్న విషయమని త్రోసివేయరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘము 2025 జూన్ 30న ప్రకటించిన నివేదికలో, లోకములో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనముతో బాధపడుచున్నారనియు, దానితో సంబంధమున్న మరణములు ఏటా సుమారు 8 లక్షల 71 వేలనియు తెలిపినది. 2010లో 148 పరిశోధనలను, అందులోని 3 లక్షల మందికి పైగా మనుష్యుల వివరములను కలిపి చూడగా, ఇతరులతో గట్టి సంబంధములు గలవారు ఆ పరిశోధన కాలములో బ్రదికియుండు అవకాశము తక్కినవారి కంటె సగము మేరకు ఎక్కువగా కనబడెను. మతిమరుపు వ్యాధిని గూర్చి 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణులు, మనము మార్చదగిన 14 కారణములను చూపిరి. వాటిలో వినికిడి తగ్గుట, చూపు తగ్గుట, శరీర శ్రమ లేకుండుట, నలుగురికి దూరమగుట అను నాలుగును ఉన్నవి. ఈ నాలుగును మన పెద్దల ఇండ్లలో దినదినము మనము చూచుచున్నవే.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉండిరి. దేశములో నూటికి 8.6 మంది కాగా, తమిళనాడులో నూటికి 10 మందికి మించిరి. నేడు ఆ లెక్క ఇంకను పెరిగియుండును. ఆదివారము మన బల్లల మీద కూర్చున్నవారిని లెక్కించినను ఇది తెలియును.

3. బర్జిల్లయి మనకు నేర్పునది

దావీదు తన కుమారుడైన అబ్షాలోమునకు భయపడి యొర్దాను దాటి మహనయీమునకు వచ్చినప్పుడు, ఆయనకును ఆయన జనమునకును పడకలు, పాత్రలు, ధాన్యము, కాయధాన్యములు, తేనె, వెన్న మోయించుకొని వచ్చినవారిలో గిలాదీయుడైన బర్జిల్లయి ఒకడు. అప్పటికి ఆయనకు 80 ఏండ్లు. యుద్ధము ముగిసి రాజు తిరిగి వెళ్లునప్పుడు, తనతో కూడ యెరూషలేమునకు రమ్మనియు, తన యొద్ద నుంచుకొని పోషింతుననియు పిలిచెను. బర్జిల్లయి ఒప్పుకొనలేదు. ఈ సంభాషణలో నాలుగు సంగతులు గమనించుడి.

మొదటిది, ఆయన తన బలహీనతను దాచలేదు. తినిన దాని రుచి తెలియుట లేదనియు, పాటలు పాడువారి స్వరము వినబడుట లేదనియు చెప్పెను. మన పెద్దలలో అనేకులు చెవి వినబడదని చెప్పుకొనుటకు సిగ్గుపడి, వినినట్లు తల ఊపి, మెల్లగా కూడికలకు రాకుండ పోవుదురు.

రెండవది, ఎక్కడ నివసింపవలెనో ఆయనయే నిర్ణయించుకొనెను. తన ఊరిలో, తన తలిదండ్రుల సమాధి యొద్ద చనిపోవలెనని కోరెను. రాజనగరులోని సుఖము కంటె తెలిసిన ఊరు ఆయనకు మేలుగా తోచెను. రాజు బలవంతము చేయలేదు. ముద్దుపెట్టుకొని, దీవించి పంపెను.

మూడవది, ఆయన చేయగలిగినంత చేసెను. రాజుతో కూడ యొర్దాను వరకు వచ్చి, నది దాటించి, అక్కడ నుండి తిరిగి పోయెను. అంతయు చేయలేనని ఏమియు చేయక ఇంట కూర్చుండలేదు.

నాలుగవది, తన స్థానములో కింహామును ముందుకు పంపెను. తనకు రావలసిన ఘనతను చిన్నవానికి అప్పగించెను.

4. శాలువా తరువాత ఏమి?

మన సంఘములు పెద్దలను గౌరవింపవని ఎవరును అనలేరు. ఏటికొక ఆదివారము వారిని ముందుకు పిలిచి, శాలువా కప్పి, పండ్లు చేతికిచ్చి, ఫోటో తీయుదుము. ఇది మంచిదే. కాని మిగిలిన 51 ఆదివారముల సంగతి ఏమి? శాలువా పెట్టెలోనికి పోవును, పెద్దాయన మరల మూల బల్లకు పోవును.

"మీరు కష్టపడవద్దు, మా కొరకు ప్రార్థన చేయండి, చాలు" అని ప్రేమతోనే అందుము. ప్రార్థన తక్కువ పని కాదు. అయితే ఎవరి కొరకు ప్రార్థింపవలెనో పేరు చెప్పక, ఆ తరువాత ఏమి జరిగినదో వచ్చి చెప్పక ఈ మాట అన్నచో, అది వారిని మర్యాదగా ప్రక్కన పెట్టుటయే. మనిషికి గౌరవము కంటె ఎక్కువగా కావలసినది, తాను లేనిచో ఒకరికి లోటు కలుగును అను నమ్మకము.

కాబట్టి పెద్దలకు పని ఇవ్వవలెను. పని అనగా మా ఉద్దేశము మూడు లక్షణములు గలది. ఒకటి, దానికి నిర్ణయమైన దినమును వేళయు ఉండవలెను. రెండు, దాని కొరకు ఎవరో ఒకరు ఎదురుచూచుచుండవలెను. మూడు, ఆయన రానినాడు ఆ పని ఆగవలెను.

ఈ మూడవది కఠినముగా తోచవచ్చును గాని, ఇదియే ముఖ్యము. పని ఆగినప్పుడే ఎవరైనను వెళ్లి తలుపు తట్టుదురు. ఒంటరిగా నున్న పెద్దమ్మ సోమవారమున స్నానపు గదిలో జారిపడినచో, ఆమె కొరకు ఎదురుచూచువారు ఎవరును లేనిచో, ఆమె సంగతి మనకు తెలియునది ఆదివారమున ఖాళీ బల్లను చూచినప్పుడే. అప్పటికైనను చూతుమా?

5. పెద్దలు మాత్రమే చేయగల పనులు

(అ) పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుట. తమిళనాడులో 2006 నాటి చట్టము వలన, 2006–07లో ఒకటవ తరగతితో ఆరంభమై, ఏటికొక తరగతి చొప్పున తమిళము తప్పనిసరి పాఠ్యభాష అయినది. తమిళము నేర్చుకొనుట మన పిల్లలకు మేలే. మనము బ్రదుకుచున్నది ఈ నేల మీదనే. అయితే ఇంట తెలుగు మాటలాడు పిల్లలలో అనేకులు తెలుగు చదువలేరు. పాటల పుస్తకము చేతబట్టుకొని, పాట మాత్రము తమిళ అక్షరములలో వ్రాసికొనిన కాగితము చూచి పాడుదురు. ఆ అక్షరములు తెలిసిన తరము నేడు 60 దాటినది. శనివారము సాయంకాలము ఒక గంట, ఒక తాతయ్యకు ముగ్గురు పిల్లలు, ఒక పలక చాలును. తరగతి గది అవసరము లేదు. ఐదేండ్లు ఆలస్యము చేసినచో నేర్పువారే ఉండకపోవచ్చును.

(ఆ) ఉదయపు ఫోను. ఐదుగురు పెద్దలు ఒక వరుసగా ఏర్పడి, ఉదయము 8 గంటలలోపల మొదటివారు రెండవవారికి, రెండవవారు మూడవవారికి, ఇట్లు చివరివారు మొదటివారికి ఫోను చేయవలెను. రెండు నిమిషముల మాట. ఎవరైనను తీయనిచో, దగ్గర నున్న యౌవనస్థుడు వెంటనే వెళ్లి చూడవలెను. పెరుంబాక్కమునకు వెళ్లినవారిని చింతాద్రిపేటలో నున్నవారితో కలుపుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

(ఇ) క్రొత్తగా వచ్చినవారికి దారి చూపుట. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతముల నుండి వైద్యము కొరకు చెన్నైకి వచ్చు తెలుగువారు నేటికిని కలరు. తమిళము రాక, ఏ వరుసలో నిలువవలెనో తెలియక తిరుగుదురు. 50 ఏండ్లు ఇక్కడ బ్రదికిన మన పెద్దలకు రెండు భాషలును వచ్చును, ఆసుపత్రుల దారులును తెలియును. వారానికొక పూట రోగి ప్రక్కన కూర్చుండి, డాక్టరు మాట తెలుగులో చెప్పుట ఎంత గొప్ప సేవ!

(ఈ) సంఘ చరిత్రను చెప్పి వ్రాయించుట. ఏ కుటుంబము ఏ ఊరి నుండి ఏ సంవత్సరములో వచ్చినది, మొదట ఎవరి ఇంట కూడుకొనిరి, వరదలలోను కరువులలోను ఎవరు ఎవరిని ఆదుకొనిరి అనునవి రిజిస్టరులలో ఉండవు. యౌవనస్థులు సెల్‌ఫోనులో రికార్డు చేసి, వ్రాసి, చదివి వినిపించవలెను.

(ఉ) చిన్న కాపురములకు తోడుగా నుండుట. పెద్ద స్త్రీలు యౌవన స్త్రీలకు మేలు నేర్పవలెనని పౌలు తీతునకు వ్రాసెను. మొదటి కాన్పు తరువాత తల్లి దగ్గర లేని ఒక కోడలికి, బిడ్డకు నీళ్లు పోయుట తెలిసిన అవ్వ వచ్చి ప్రక్కన కూర్చుండుట ఎంత ధైర్యము!

6. నడక, చూపు, వినికిడి, ప్రయాణము

పని చేయవలెనన్నచో శరీరము సహకరింపవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారము పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెను. అనగా దినమునకు అరగంట చొప్పున ఐదు దినములు చురుకుగా నడచుట. 65 దాటినవారు వారములో కనీసము మూడు దినములు కాళ్లకు బలమును, పడిపోకుండ నిలుకడను ఇచ్చు కదలికలు కూడ చేయవలెను. చేతులు ఆనించక కుర్చీలో నుండి మెల్లగా లేచి కూర్చుండుట అట్టిది. గోడ దగ్గర నిలిచి చేయుడి. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి గలవారు మొదట డాక్టరు నడుగవలెను. అంత చేయలేనివారు చేయగలిగినంత చేసినను లాభమే.

మన పేటలో మే దిన పార్కు ఉన్నది. పూర్వము దీనిని నేపియర్ పార్కు అనెడివారు. అక్కడికి ఒంటరిగా కాక ఇద్దరిద్దరుగా వెళ్లుడి. ఒకరు రానిచో రెండవవారు అడుగుదురు. నడకతో పాటు మాటయు దొరకును.

చూపు మందగించినవారికి ఎగ్మూరులో 1819లో స్థాపింపబడిన ప్రభుత్వ కంటి ఆసుపత్రి దగ్గరనే ఉన్నది. సెంట్రల్ ఎదుట నున్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో వృద్ధుల కొరకు ప్రత్యేక వైద్య విభాగము 1978లోనే డాక్టరు వి. ఎస్. నటరాజన్ గారి కృషితో ఆరంభమైనది. గిండీలో 200 పడకలతో జాతీయ వృద్ధుల వైద్య కేంద్రము 2024 ఫిబ్రవరిలో ప్రారంభింపబడినది. చెవి వినబడనివారిని ముందు బల్ల మీద కూర్చుండబెట్టుడి. వారితో మాటలాడునప్పుడు కేకలు వేయక, ముఖము చూచి నిదానముగా పలుకుడి.

ప్రయాణము పెద్ద అడ్డంకి. చెన్నై నివాసులైన 60 నిండినవారికి నగర బస్సులలో నెలకు 10 ఉచిత ప్రయాణ టోకెన్లు ఇచ్చు ఏర్పాటు 2016లో ఆరంభమైనది. స్త్రీలకు సాధారణ బస్సులలో 2021 మే నుండి ప్రయాణము ఉచితము. టోకెన్లు తెచ్చుకొనుటకు కావలసిన కాగితములు సిద్ధపరచు పని ఒక యౌవనస్థుడు తీసికొనవలెను. చింతాద్రిపేట రైలు స్టేషను ఎత్తు మీద నున్నది గనుక, అక్కడ దిగువారికి ఒక చేయి అందించువాడు ఉండవలెను. ఏమియు చేయలేక మంచము పట్టినవారి యింటికి కూడికయే వెళ్లవలెను. నెలకొకసారి పెరుంబాక్కములో ఒక ఇంట కూడుకొనుట కష్టమైన పని కాదు.

7. ఇరువురికి చెరియొక మాట

పెద్దలారా, పని వేరు, పదవి వేరు. 20 ఏండ్లుగా పట్టుకొనిన తాళపు చెవిని, లెక్కల పుస్తకమును విడువక, చిన్నవారికి ఏమియు తెలియదనుచుండుట పని కాదు. బర్జిల్లయి కింహామును ముందుకు పంపెను. మీరును మీ కింహామును వెదకుడి. పదవి విడిచినచో పని పోదు. ఎవరైనను సహాయమడిగినప్పుడు "ఇక నా వల్ల ఏమవుతుందిలే" అని మొదటనే త్రోసివేయకుడి. మనుమడు ఫోను నేర్పునప్పుడు నేర్చుకొనుడి.

కుమారులారా, కోడండ్రారా, తలిదండ్రులకు అన్నము పెట్టుట వలన మాత్రమే మన బాధ్యత తీరదు. వారు మన ఇంటి కావలివారు కారు, మన పిల్లల ఆయాలును కారు. ఇల్లు మార్చునప్పుడు వారినడిగి నిర్ణయించుడి. తెలుగు వినబడని పదవ అంతస్తునకు తీసికొని పోవునప్పుడు, వారమునకొకసారి సంఘమునకు ఎట్లు వచ్చెదరో ముందుగా ఏర్పాటు చేయుడి. తలిదండ్రులను పోషించుట 2007 నాటి చట్టము ప్రకారము కూడ పిల్లల బాధ్యత. నిరాదరణకు గురియైనవారు, సలహా కావలసినవారు 14567 అను ఉచిత నంబరునకు ఫోను చేయవచ్చును. మన సంఘములో ఎవరికిని ఆ అవసరము రాకుండ చూచుట మన పని.

చర్చకు ప్రశ్నలు

1. రాజు పిలుపును బర్జిల్లయి ఎందుకు కాదనెను? ఆయన నిర్ణయమును రాజు ఎట్లు గౌరవించెను?

2. మన సంఘములో 60 దాటినవారు ఎందరు? వారిలో ఒంటరిగా నివసించువారు ఎందరు? గత నెలలో కూడికకు రానివారు ఎవరు? పేర్లు వ్రాయుడి.

3. పైన చెప్పిన మూడు లక్షణములు గల పని వారిలో ఎందరికి ఉన్నది?

4. మన పిల్లలలో తెలుగు చదువగలవారు ఎందరు? నేర్పగల పెద్దలు ఎవరు?

5. పదవిని విడిచి పనిని నిలుపుకొనుట మన సంఘములో ఎట్లు సాధ్యము?

ఈ నెల చేయవలసినది

ఒక్క పేరు ఎన్నుకొనుడి. ఆ పెద్దాయన యింటికో, ఆ పెద్దమ్మ యింటికో వెళ్లుడి. పండ్లు తీసికొని వెళ్లినను మంచిదే. కాని ఒక పనియు తీసికొని వెళ్లుడి. "మీరు వచ్చి ఇది చేయకపోతే మాకు జరగదు" అని నిజముగా చెప్పగలిగిన పనిగా ఉండవలెను. దినమును వేళయు చెప్పి రండి. చెప్పిన వేళకు మీరును అక్కడ ఉండుడి.

ముదిమి వచ్చువరకు మనలను ఎత్తుకొను ప్రభువు మన పెద్దలకు బలమును, చిన్నవారికి వారిని వెదకు మనస్సును దయచేయును గాక.